టీవీ చూసి నేర్చుకున్న మేనేజరీ

నేను నరసన్నపేట మెయిన్ రోడ్డులో ఒక గృహోపకరణాల షాపుకి ఫ్లోర్ మేనేజరుగా చేరిన ఏడాదే మా ఇంట్లో లోకల్ కేబుల్ తీయించి డిష్ పెట్టించాం. మా ఆవిడ సీరియళ్ళ కోసం పట్టుబట్టి పెట్టించింది. దానివల్ల కష్టాలు పడింది మాత్రం మా షాపులో పనిచేసేవాళ్ళు.

డిష్‌తోపాటు మేం అడక్కుండానే కొన్ని ఇంగ్లీషు ఛానళ్ళు వచ్చాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, మంచం మీద వాలి రిమోట్ నొక్కుతుంటే ఒక కార్యక్రమం కంటపడింది. పరాయి దేశంలో ఎవరో కోటీశ్వరుడు పొడవాటి బల్ల వెనక కూర్చున్నాడు. ఎదురుగా సూట్లు వేసుకున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ రెండు జట్లుగా ఉన్నారు. వాళ్ళకి వారానికో వ్యాపారం పని ఇస్తారు. ఒక వారం వీధిలో నిమ్మరసం అమ్మాలి, ఇంకో వారం పాత సామాన్లు వేలం వెయ్యాలి. ఓడిపోయిన జట్టు బల్ల ముందుకొచ్చి ఒకరి మీద ఒకరు నేరాలు చెప్పుకుంటారు. ఆయన అంతా విని, ఒకర్ని వేలు పెట్టి చూపించి ఇంటికి పంపించేస్తాడు. పంపించబడ్డవాడు పెట్టె లాక్కుంటూ వచ్చి కారెక్కి వెళ్ళిపోతాడు.

నాకు ఆ ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. ఆయన కోపం మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. నాలుగు ఆదివారాలు చూసేసరికి మేనేజరంటే అలా ఉండాలని, నేనే ఇన్నాళ్ళూ అలా లేకుండా పోయానని తేలిపోయింది. అప్పటిదాకా నేను చేసే మేనేజరీ ఏమిటంటే పొద్దున్నే షట్టర్ ఎత్తించడం, టీవీలన్నిట్లో ఒకే పాట వచ్చేలా చూడడం, టీ తాగడం.

మర్నాడు పొద్దున పెళ్ళి రిసెప్షన్‌నాటి టై బీరువాలోంచి తీసి కట్టుకున్నాను. మా ఆవిడ ఇడ్లీ పెడుతూ నా మెడ వైపు చూసింది.

“ఏటది? షాపులో ఎవులిదైనా పెళ్ళా?”

“వ్యక్తిత్వం,” అన్నాను.

“ఉక్క పోసి సస్తావు. కర్చీఫు ఇంకోటి పట్టుకెళ్ళు,” అంది.

షాపు యజమాని, మేమందరం షావుకారుగారనే ఆయన, కౌంటర్ దగ్గర అగరొత్తులు వెలిగిస్తూ నా పథకమంతా విన్నాడు. సేల్స్ వాళ్ళని రెండు జట్లు చేస్తానని, వారం వారం పోటీ పెడతానని, ఓడిన జట్టుని నిలదీస్తానని చెప్పాను. ఆయన ఒక్కటే అడిగాడు.

“దీనికి కర్సేటయ్యా?”

“ఏమీ లేదండి.”

“అయితే సేసుకో.”

మా ఫ్లోరు మీద ఆరుగురు ఉండేవారు. వాళ్ళలో ఇద్దరు పాతకాపులు. ఒకావిడ మిక్సీలు, వాషింగ్ మెషీన్ల దగ్గర ఉండేది. ఊళ్ళో బాప్టిస్టు చర్చిలో పాటల బృందాన్ని నడిపించేదీ ఆవిడే. నాకంటే పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది. రెండో ఆయన కళింగపట్నం నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. వాళ్ళ నాన్నా అన్నలూ సముద్రం మీదకి వెళ్ళేవాళ్ళు. ఇతనికి పడవెక్కితే వాంతులు, అందుకని ఫ్రిజ్‌లు అమ్మడానికొచ్చాడు. నాకూ అతనికీ ఏ చుట్టరికమూ లేకపోయినా మొదటి రోజునుంచీ బావా అంటే బావా అనుకున్నాం. వీళ్ళిద్దర్నీ జట్టు నాయకుల్ని చేశాను. అక్క జట్టుకి విన్నర్స్ అనీ, బావ జట్టుకి ఛాలెంజర్స్ అనీ పేర్లు పెట్టాను.

బావ చెయ్యెత్తాడు. “మొదట్నుంచే ఆలు విన్నర్సయిపోతే మేం దేనికి బావా పోటీ సెయ్యడం?”

దీనికి టీవీలో సమాధానం చూపించలేదు. నేను చేతులు కట్టుకుని గంభీరంగా చూశాను.

వెనకాల రిపేర్ల గదిని మీటింగ్ రూమ్ చేశాను. నాకు చేతులున్న కుర్చీ, వాళ్ళకి స్టూళ్ళు. ఎదుటివాళ్ళు కాస్త ఎత్తు తక్కువగా కూర్చోవాలన్నది నేను టీవీలో కనిపెట్టిన రహస్యం. మొదటి వారం అక్క జట్టు ఓడిపోయింది. ముగ్గుర్నీ కూర్చోబెట్టి గొంతు బరువుగా పెట్టుకుని అడిగాను.

“ఈ ఓటమికి ఎవరు బాధ్యులు?”

“నాదే తమ్ముడూ,” అంది అక్క వెంటనే.

“అక్కదేం కాదు సార్, నేను రెండ్రోజులు సెలవు పెట్టాను. నాదే,” అన్నాడు రెండోవాడు.

“సెలవు వల్ల కాదండి, నేనమ్మిన మిక్సీ తిరిగొచ్చేసింది. నా మూలానే పోయింది,” అంది మూడో అమ్మాయి.

నేను ఇరుక్కుపోయాను. ఎవరో ఒకరు పక్కవాడి మీద చెబితే కదా నేను వేలెత్తి చూపించడానికి! ఇక్కడ తప్పు నాదంటే నాదని ముగ్గురూ పోటీ పడుతున్నారు. పావుగంట గడిచినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. పైగా ఎవర్నైనా తీసేసే అధికారం నాకు లేదు. టీవీలో తీసేసినవాడు కారెక్కి ఎటో వెళ్ళిపోతాడు, మళ్ళీ కనబడడు. నరసన్నపేటలో తీసేస్తే ఎటు వెళ్తాడు? సాయంత్రం అదే బడ్డీ దగ్గర టీ తాగుతూ కనిపిస్తాడు. వాళ్ళావిడా మా ఆవిడా ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటారు. అందుకని నేనొక మధ్యేమార్గం కనిపెట్టాను. ఓడిన జట్టులోంచి ఒకరు, ముందుగా నాయకులు, వారం రోజులు గోడౌన్‌లో పనిచెయ్యాలి.

మా గోడౌన్ ఊరి చివర వరిచేల పక్కన ఉండేది. అక్క వారం అయ్యాక తిరిగొచ్చింది. ముఖం కళకళలాడుతోంది. ఏమక్కా కష్టమైందా అని అడిగితే, “ఏం కష్టం తమ్ముడూ! పెట్టెలు లెక్కెట్టుకోడం పావుగంట పని. కొత్త పాటలన్నీ గొంతెత్తి సాధన చేసుకున్నాను. చేల మీంచి ఎంత గాలొస్తాదో,” అంది.

ఈ మాట మిగతా ఐదుగురూ విన్నారు.

మరుసటి వారం బావ జట్టు చిత్తుగా ఓడింది. బావ చాలా విచారంగా ముఖం పెట్టుకుని గోడౌన్‌కి వెళ్ళాడు. మధ్యలో ఒకరోజు నేను తనిఖీకని వెళ్ళేసరికి, పెద్ద ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి నేలమీద పరుచుకుని నిద్రపోతున్నాడు. లేపితే కళ్ళు నులుముకుంటూ, “కూకో బావా, నీక్కూడా ఓ అట్ట పరుస్తాను,” అన్నాడు. చెప్పడానికి సిగ్గే గానీ, కాసేపు కూర్చున్నాను కూడా.

ఆ తర్వాతి వారంనుంచీ పోటీ రసవత్తరమైంది. కాకపోతే ఓడడానికి. మిక్సీ కోసం వచ్చిన ఒక జంటకి మా సేల్స్ అబ్బాయి, ఎదురు షాపులో ఇదే రకం తక్కువకి దొరుకుతుందని దారి చూపించి పంపడం నేను చెవులారా విన్నాను. దురదృష్టం ఏమిటంటే నా వెనకే నిలబడి షావుకారుగారు కూడా విన్నాడు.

“ఏటయ్యా,” అన్నాడు నన్ను పక్కకి తీసుకెళ్ళి, “పోటీ అన్నావు. ఎవులు తక్కువమ్ముతారన్న పోటీ అని నాకు సెప్పలేదే!”

టీవీలో ఇలాంటి సమయంలో నాయకుడు వెనకడుగు వెయ్యడు, ఇంకా పెద్ద మాట చెబుతాడు. నేనూ చెప్పాను. శివరాత్రి దగ్గరకొచ్చింది, శ్రీముఖలింగం జాతరలో రెండు స్టాళ్ళు వేద్దాం, అక్కడ అసలైన పోటీ పెడతాను, ఒరిస్సానుంచి కూడా జనం వస్తారు, వేసవికి తెప్పించిన కూలర్లన్నీ అక్కడే అమ్మేస్తాం అన్నాను. షావుకారుగారు నా టై వైపు కాసేపు చూసి, వ్యాన్‌కి డీజిల్ కొట్టించాడు.

జాతర చివర వచ్చే చక్రతీర్థ స్నానాల రోజున పొద్దున్నే దిగాం. వంశధార ఇసుకలో ఎక్కడ చూసినా తలకాయలే. గాజులు, చెరుకు గడలు, జీళ్ళు, పిల్లల బూరాలు అమ్మేవాళ్ళ మధ్య మా రెండు షామియానాలు, ఒక అద్దె జనరేటరు, వరసగా నిలబెట్టిన కూలర్లు. స్నానానికి ఏరు దాటి, తడిబట్టలతో గుడికెళ్ళి, బస్సు కిటికీలోంచి కొడుకుని లోపలికి దింపి సీటు పట్టుకోవాల్సిన మనిషి, చంకలో కూలరు పెట్టుకుని ఎలా వెళ్తాడన్న ప్రశ్న నాకు ఆ ఇసుకలో నిలబడ్డాకగానీ తోచలేదు.

బావకి ముందే తోచినట్టుంది. “బావా, వీటికి సక్రాలున్నాయి గానీ ఇసకలో తిరగవు,” అన్నాడు.

టీవీలో కోటీశ్వరుడి మనుషులిద్దరు ఏమీ మాట్లాడకుండా, చేతులు కట్టుకుని జట్ల చుట్టూ తిరుగుతూ గమనిస్తారు. నేనూ అలాగే రెండు షామియానాల మధ్య తిరగడం మొదలుపెట్టాను. టై చూసి జనం నన్ను గవర్నమెంటు ఆఫీసరనుకున్నారు. ఒకాయన టెక్కలి బస్సు ఎక్కడాగుతుందని అడిగాడు. నలుగురు ఆడవాళ్ళు చుట్టుముట్టి, మంచినీళ్ళ కుళాయి రావడంలేదని, నువ్వేం ఆఫీసరువని దులిపేశారు. నేను చూస్తానమ్మా అని మాటిచ్చి తప్పించుకున్నాను.

ఎండెక్కింది. చూపించడానికని ఆన్ చేసి పెట్టిన కూలర్ల ముందుకి ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చోవడం మొదలైంది. కొందరు తడిచీరలు ఆరబెట్టుకున్నారు. ఒక పెద్దాయన చెంబు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఒక్కరూ రేటు అడగలేదు. లేపుదామని నేను వెళ్తుంటే అక్క అడ్డొచ్చింది.

“ఉండనియ్ తమ్ముడూ. ఎక్కడ కూర్చుంటారు ఈ ఎండలో?”

ఇంతలో ఒకతను వచ్చి, ఫోన్ చచ్చిపోయింది, జనరేటరుంది కదా, కాస్త చార్జింగ్ పెడతారా అని అక్కని అడిగాడు. అక్క పెట్టింది. అతన్ని చూసి ఇంకొకడు. గంట తిరిగేసరికి ఆ బల్ల మీద ఫోన్లు కుప్ప పడ్డాయి. ఇది అక్క జట్టుకి మాత్రమే లాభం, నియమాలకి విరుద్ధం అని నేను అభ్యంతరం చెప్పాను. అక్క నా వంక జాలిగా చూసి, “లాభమెక్కడిది? ఊరకే పెడతన్నాను,” అంది. అయినా సమన్యాయం ఉండాలని, సగం ఫోన్లు బావ షామియానాలోకి మార్పించాను. మార్చేటప్పుడు అక్క అంటించిన పేర్ల కాగితాలు సగం ఊడిపోయాయి.

అక్కణ్ణుంచి అసలు పని మొదలైంది. ఫోన్లు వాళ్ళ దగ్గరికి తిరిగి చేరాలంటే ఏది ఎవరిదో తెలియాలి. తెలియాలంటే మోగినప్పుడల్లా ఎవరో ఒకరు ఎత్తి మాట్లాడాలి. అక్కా బావా పెట్టడంలో, తియ్యడంలో మునిగిపోయారు. చేతులు కట్టుకుని తిరుగుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

“ఫోన్లెత్తు బావా!” అని అరిచాడు బావ. అరుస్తూనే నా టై లాగి, చిక్కుపడిన చార్జరు తీగలన్నీ దాంతో కట్టేశాడు.

ఎత్తాను. “ఆయన స్నానానికెళ్ళారమ్మా.” “లేదండి, నేను మీ అల్లుణ్ణి కాదు, షాపు మేనేజర్ని.” “బాబూ, మీ నాన్న ఫోను మా దగ్గరుంది, మీ నాన్న ఎక్కడున్నారో నాకు తెలీదు.” ఒకావిడ నా గొంతు వినగానే, తాగేసి మాట మారిపోయిందని భర్తని తిట్టినట్టు నన్ను తిట్టి పెట్టేసింది.

ఈ గోలలో, కూలరు ముందు చాలాసేపటినుంచి కూర్చున్న ఒక ముసలావిడ ఏడుస్తూ కనిపించింది. తెల్లచీరకి పసుప్పచ్చ అంచు, ముక్కుకి పెద్ద నత్తు. దగ్గరికెళ్ళి ఏమైందమ్మా అంటే ఒడియాలో ఏదో చెప్పింది. నేను విజయనగరంవాణ్ణి, ఒక్క ముక్క తెలియదు. ఆవిడ చేతులు తిప్పుతూ మళ్ళీ మళ్ళీ ఒకటే అంటోంది. “మో పువో... మో పువో...”

పువ్వు. పాపం, గుడికెళ్ళడానికి పువ్వు కావాలంటోంది! ఇంతసేపూ ఎవరూ పట్టించుకోలేదని మనసు కరిగిపోయి, జనంలో తోసుకుంటూ వెళ్ళి రెండు మూరల బంతిపూల దండ కొనుక్కొచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దండనీ నన్నూ మార్చి మార్చి చూసింది. తర్వాత ఇంకా గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. చాలలేదేమోనని గులాబీలు తెచ్చాను.

మూడోసారి పూలకి వెళ్ళబోతుండగా బల్లమీద ఒక ఫోన్ మోగింది. ఎత్తాను. ఒకావిడ గొంతు, తెలుగే గానీ ఒడియా యాస.

“దొరికిందా? అత్త దొరికిందా?”

“ఎవరమ్మా? ఈ ఫోను చార్జింగుకి ఇచ్చారు. నేను స్టాలు మనిషిని.”

“మాయన ఫోనది! ఎవుల్నో ఫోనడిగి ఇప్పుడే సేసినాడు, అత్త గుంపులో తప్పిపోయినాదంట. తెలుగు రాదు ఆమెకి. పసుపంచు తెల్లసీర కట్టుకున్నాది...”

నేను ఆవిడ వైపు చూశాను. ఒళ్ళో బంతిపూలు, గులాబీలు పెట్టుకుని కూర్చుంది.

“అమ్మా,” అన్నాను, “పువో అంటే ఏమిటి?”

“పువో అంటే కొడుకు! ఎందుకడగతన్నావు?”

 ఫోన్ తీసుకెళ్ళి ముసలావిడ చెవి దగ్గర పెట్టాను. కోడలి గొంతు వినగానే ఆవిడ ముఖం విచ్చుకుంది. వెంటనే తిట్లు అందుకుంది. తిట్లని మాత్రం ఎవరూ విడమర్చి చెప్పక్కరలేదు. మధ్యమధ్యలో పూలు పైకెత్తి నా వైపు చూపిస్తోంది. ఆ తిట్లు ఎవరి గురించో నాకు బాగానే తెలిసింది.

బావ గుడి దగ్గర మైకు దగ్గరికి పరుగెత్తాడు. కాసేపటికి జాతరంతా అతని గొంతు మోగింది. “తెల్లసీర ముసలమ్మ కూలర్ల షాపులో ఉన్నాది! ఆమె కొడుకు ఎవులైతే ఆలు బేగి రావాలి! ఏడవొద్దు, బాగానే ఉన్నాది!” ఆ కంగారులో షాపు పేరు చెప్పడం మర్చిపోయాడు. ఆరోజు జాతరలో కూలర్లు పెట్టిన తెలివైనవాళ్ళు మేం తప్ప ఎవరూ లేరు కాబట్టి ఇబ్బంది రాలేదు.

కొడుకు తడిపంచెతోనే, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నాకంటే పెద్దవాడు, నెరిసిన జుట్టు. ఆవిడ లేచి బంతిపూల దండతో అతని వీపు మీద ఫెడీఫెడీమని నాలుగు వేసింది. తర్వాత అదే చేత్తో అతని తల తుడిచింది. అతను పిల్లాడిలా ఏడ్చాడు. కూలర్ల ముందు పడుకున్న ముసలివాళ్ళంతా లేచి కూర్చుని చూశారు. అక్క కళ్ళు తుడుచుకుంది. 

ఆ కొడుకు నా రెండు చేతులూ పట్టుకుని, నీ రుణం తీర్చుకోలేనన్నాడు. అప్పుడు నా నోట్లోంచి ఏం మాట రావాలి? నిజంగా వచ్చిన మాట ఇది: “ఈ మోడల్ మీద ఇవాళ మంచి డిస్కౌంట్ ఉందండి.”

అక్క నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. “తమ్ముడూ, ఇప్పుడు కాదు.”

ఆ కొడుకు మాత్రం కోపగించుకోలేదు. “మా ఊళ్ళో కొండగాలుంటాది బాబూ. కరెంటే సరిగా ఉండదు,” అని మర్యాదగా చెప్పి తల్లిని నడిపించుకుని వెళ్ళాడు. గులాబీలు మాత్రం ఆవిడ కొంగున ముడేసుకుంది.

సాయంత్రానికి ఫోన్లన్నీ ఎవరివి వాళ్ళకి చేరాయి. కూలర్లన్నీ మావి మాకే మిగిలాయి.

మర్నాడు షావుకారుగారు మా ముగ్గుర్నీ పిలిచాడు. అప్పటికి నా బుర్రలో టీవీ పాఠం ఇంకొకటి మిగిలి ఉంది. ఎవడైతే లేచి బాధ్యత నాదని ధైర్యంగా చెబుతాడో, వాడి నిజాయితీకి మెచ్చి ఒక్కోసారి కోటీశ్వరుడు వాణ్ణి ఉంచేస్తాడు. నేను లేచి నిలబడి, ఛాతీ కాస్త ముందుకు పెట్టి అన్నాను.

“జరిగినదానికి పూర్తి బాధ్యత నాదేనండి.”

“అవునయ్యా, నీదే,” అన్నాడు షావుకారుగారు.

తర్వాత ఆయన మెచ్చుకుంటాడేమోనని నిలబడే ఉన్నాను. ఆయన అక్క వైపు తిరిగి, “రేపట్నుంచి ఫ్లోరు నువ్వు సూసుకోమ్మా,” అన్నాడు. నా వైపు తిరిగి, “నువ్వు మేడమీద కంప్లైంట్ల బల్ల దగ్గిర కూకో. నిన్న జాతరలో అందరి ఫోన్లూ ఎత్తి మాటాడినావంట కదా. ఆ పని నీకు బాగుంటాది,” అన్నాడు. జీతం తగ్గించలేదు. ఆయన అంత మంచివాడు కావడం నాకు ఆ పూట కాస్త అవమానంగా కూడా అనిపించింది.

టీవీలోలాగా నాకోసం కారేదీ రాలేదు. నా చేతుల కుర్చీ నేనే ఎత్తుకుని మెట్లెక్కాను. బావ సగం దారిలో ఎదురొచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ, “పోనీలే, నిలబడక్కర్లేదు కదా,” అంది. ఆ ఓదార్పు నాకు ఇప్పటికీ చాలా పెద్దదిగా తోస్తుంది.

అక్క పెట్టిన మొదటి మీటింగు నేను మేడ మెట్ల మీంచి విన్నాను. వాషింగ్ మెషీన్ల మధ్య అందరూ నిలబడే ఉన్నారు. ఈ వారం ఎవరికి ఏం ఇబ్బందైందని అడిగింది, చెప్పినవి విన్నది, గోడౌన్‌కి అందరూ వంతులవారీగా వెళ్ళాలంది. టీ చల్లారేలోపు అయిపోయింది. ఎవరు బాధ్యులని ఎవర్నీ అడగలేదు. ఆ వేసవిలో కూలర్లన్నీ షాపులోనే అమ్ముడుపోయాయి, ఎండల పుణ్యమా అని.

మేడమీద బల్ల దగ్గర నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను. కొత్తలో ఒక పెద్దాయన పాతపట్నం నుంచి ఫోన్ చేసి, ఫ్రిజ్ ఆగిపోయి పాలన్నీ విరిగిపోయాయని, మీరు దొంగలని, మీ షాపు తగలబెట్టాలని అరిచాడు. నేను అంతా వింటూ కూర్చున్నాను. అరిచి అరిచి ఆయన అలిసిపోయాడు. మెకానిక్ రేపు పొద్దున వస్తాడండి అన్నాను. 

“సరే గానీ,” అన్నాడు చివరికి, “నువ్వు అన్నం తిన్నావేటి?”

ఇంకా లేదండి అన్నాను.

“తిను మరి,” అని ఫోన్ పెట్టేశాడు.